ఎఫ్12 లైటు నారింజ రంగులోనే నిలిచిపోతే: పాత ల్యాప్‌టాప్‌లో వైఫై ఆన్ కాకపోవడం గురించి

మీరు చెప్పిన సంగతి ఇది. ఒంగోలు పక్కన కొత్తపట్నంలో ఇల్లు. 2012లో కొన్న హెచ్‌పీ పెవిలియన్ జీ6. రెండు నెలల కిందట విండోస్ 7 తీయించి విండోస్ 10 వేయించారు. మొన్న నాలుగు రోజులు ముసురు పట్టి వదిలాక వైఫై ఆగిపోయింది. ఎఫ్12 మీది లైటు నారింజ రంగులోనే ఉంటోంది, ఎన్నిసార్లు నొక్కినా తెల్లగా మారడం లేదు. ట్రబుల్‌షూటర్ నడిపితే "వైర్‌లెస్ కేపబిలిటీ ఈజ్ టర్న్‌డ్ ఆఫ్" అంటోంది. ఇంట్లో ఫోన్లకీ టీవీకీ నెట్ బాగానే వస్తోంది. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నారు, అమ్మాయి ప్రాజెక్టు ఈ వారంలోనే ఇవ్వాలి.

ముందు ప్రాజెక్టు పని ఆగకుండా చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్న చోటే ఉండే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. అర నిమిషంలో ల్యాప్‌టాప్‌లో నెట్ వస్తుంది. ఫోన్ ఇంటి వైఫైకి కలిసి ఉంటే ఆ వైఫైనే కేబుల్ గుండా అందిస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. కేబుల్ మాత్రం డేటా పోయేది కావాలి; చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుళ్లతో ఆ టెథరింగ్ బటన్ నొక్కుడు పడదు. కింద చెప్పే డ్రైవర్లు (లోపలి భాగాలని విండోస్ నడపడానికి కావాల్సిన ప్రోగ్రాములు) దించుకోవడానికీ ఇదే దారి.

మదర్‌బోర్డు పోయిందన్న మాట ఇప్పుడే నమ్మొద్దు. మళ్లీ ఫార్మాట్ కొట్టించనూ వద్దు. వైఫై "కనెక్ట్ కాకపోవడం", "ఆన్ కాకపోవడం" వేర్వేరు జబ్బులు. నెట్‌వర్క్ పేర్లు కనబడి, పాస్‌వర్డ్ దగ్గరో ఆ తర్వాతో ఆగిపోతే మొదటిది. రౌటర్, పాస్‌వర్డ్, ఐపీ అడ్రస్ చూడాలి. అసలు ఒక్క పేరూ కనబడకుండా, స్విచ్చే ఆఫ్‌లో ఉందని మెషీన్ అంటుంటే రెండోది. మీది రెండోది. అప్పుడు అడగాల్సింది ఒక్కటే: దాన్ని ఆఫ్‌లో పట్టుకుని ఉన్నది ఎవరు? బయటి స్విచ్చా, బయోసా (విండోస్ కంటే ముందు లేచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాము), విండోసా, లోపలి వైఫై కార్డా? ఈ నలుగురిలో ఏ ఒక్కరు పట్టుకున్నా పైకి కనబడేది అదే నారింజ లైటు. డ్రైవర్ లేకపోయినా నారింజే, కార్డు సాకెట్‌లో వదులైనా నారింజే. కార్డు పని మొదలెట్టలేదని తప్ప ఆ లైటు ఇంకేమీ చెప్పదు.

మొదట చేయాల్సింది కరెంటు పూర్తిగా దించడం. చార్జర్ పీకండి, బ్యాటరీ తీయండి, మౌస్, పెన్‌డ్రైవ్ లాంటివన్నీ తీసేయండి. పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత బ్యాటరీ లేకుండా చార్జర్ మాత్రం పెట్టి ఆన్ చేయండి. ఇందులో మంత్రమేమీ లేదు. కీబోర్డునీ ఫ్యానునీ వైర్‌లెస్ స్విచ్‌నీ చూసుకునే చిన్న చిప్ ఒకటి బోర్డు మీద ఉంటుంది, ఎంబెడెడ్ కంట్రోలర్ అంటారు. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసినా బ్యాటరీ ఉన్నంతసేపు దానికి కరెంటు అందుతూనే ఉంటుంది. వైర్‌లెస్ ఆఫ్ అన్న స్థితిలో అది ఇరుక్కుంటే వందసార్లు రీస్టార్ట్ చేసినా అలాగే ఉంటుంది. కరెంటు మొత్తం పోతేనే మొదటికొస్తుంది. అలాగే విండోస్ 10లో మామూలు షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే సిస్టమ్ భాగాన్ని డిస్కులో దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు అదే పాత స్థితిని తెచ్చి పెడుతుంది. అందుకే షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, అప్పుడు పూర్తిగా ఆగుతుంది. పన్నెండు, పదమూడేళ్ల మెషీన్లలో ఫాస్ట్ స్టార్టప్ ఎప్పటికీ ఆఫ్‌లోనే ఉంచడం మేలు: కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ"లో టిక్కు తీసేయడమే.

ఇక స్విచ్. మీ జీ6లో విడిగా జరిపే స్విచ్ లేదు, ఎఫ్12 కీయే స్విచ్. కాకపోతే ఒక మెలిక ఉంది. హెచ్‌పీ బయోస్‌లో యాక్షన్ కీస్ మోడ్ అని ఉంటుంది. అది ఎనేబుల్‌లో ఉంటే ఎఫ్12 ఒక్కటే నొక్కాలి, డిసేబుల్‌లో ఉంటే ఎఫ్ఎన్ పట్టుకుని ఎఫ్12 నొక్కాలి. రెండు విధాలా ప్రయత్నించండి, కానీ నొక్కిన ప్రతిసారీ పది సెకన్లు ఆగండి. వరసగా టకటకా నొక్కితే ఆన్ అయి మళ్లీ ఆఫ్ అవుతుంది. పాత కార్డు లేచి లైటు మార్చడానికి నాలుగైదు సెకన్లు తీసుకుంటుంది. మన అవస్థల్లో సగం ఇక్కడే.

ఇదే అవస్థ పడుతున్న మిగతా బ్రాండ్ల వాళ్ల కోసం: డెల్ ఇన్‌స్పిరాన్ ఎన్5010లో ఎఫ్2. ఇన్‌స్పిరాన్ 1525, లాటిట్యూడ్ ఈ6400, ఈ6410లలో కుడి పక్క అంచున జరిపే స్విచ్. లెనోవో జీ550, జీ570లకి ముందు అంచు కింద, చేతికి తెలియకుండా జరిగిపోయేంత చిన్న స్లైడర్. థింక్‌ప్యాడ్ టీ420లో కుడి పక్క. ఆ కాలపు ఏసర్ ఆస్పైర్‌లలో ఎక్కువగా ఎఫ్ఎన్‌తో ఎఫ్3, ఏసూస్‌లో ఎఫ్ఎన్‌తో ఎఫ్2, తోషిబా శాటిలైట్‌లో ఎఫ్ఎన్‌తో ఎఫ్8. స్లైడర్ ఉన్న వాటిలో లోపలి స్విచ్ రాగి రేకులకి చిలుము పట్టడం మన తీరంలో మామూలే. పైన పిడి ఆన్ వైపు ఉంటుంది, లోపల రేకు మాత్రం తగలదు. బ్యాటరీ తీసేసి, ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ స్విచ్ సందులోకి ఒక్క చిమ్ము కొట్టి, పిడిని ఇరవై సార్లు అటూ ఇటూ జరిపి, అరగంట ఆరనివ్వండి. కొబ్బరినూనె, కుట్టు మిషన్ నూనె పోయొద్దు. నూనె దుమ్ము పట్టుకుని స్విచ్‌ని శాశ్వతంగా చంపుతుంది.

తర్వాత బయోస్. ఆన్ చేస్తూనే ఎస్కేప్ తట్టి, ఎఫ్10 నొక్కితే మీ మెషీన్ బయోస్ వస్తుంది. జీ6 లాంటి ఇంటి మోడళ్లలో వైర్‌లెస్‌కి విడి ఆప్షన్ కనబడకపోవచ్చు. ఎఫ్9తో డిఫాల్ట్స్ పెట్టి, ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రండి. దానికి ముందు లెగసీ, యూఈఎఫ్ఐ, శాటా మోడ్ లాంటి బూట్, డిస్కు సెట్టింగులు ఎలా ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. డిఫాల్ట్స్ పెట్టినప్పుడు అవి మారిపోతే విండోస్ లేవదు, అప్పుడు లేని జబ్బు ఇంకొకటి తగులుకుంటుంది. ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ ఎలైట్‌బుక్, ప్రోబుక్, లాటిట్యూడ్‌లు కొన్నవాళ్లు బయోస్‌ని మరింత శ్రద్ధగా చూడాలి. వాటిలో లాన్/డబ్ల్యూలాన్ స్విచింగ్ అనే ఆప్షన్ ఉంటుంది; లాన్ అంటే కేబుల్ నెట్, డబ్ల్యూలాన్ అంటే వైఫై. అది ఆన్‌లో ఉంటే నెట్ కేబుల్ గుచ్చగానే వైఫై దానంతటదే ఆఫ్ అవుతుంది. డెల్‌లో కంట్రోల్ డబ్ల్యూలాన్ రేడియో అన్నదీ ఇదే. వైఫై రావట్లేదని కేబుల్ పెట్టుకుని, ఆ కేబుల్ వల్లే వైఫై రాక తిప్పలు పడేది ఇలాగే.

ఇప్పుడు విండోస్. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద ఏముందో చూడండి. అక్కడ రియల్‌టెక్ పీసీఐఈ ఎఫ్ఈ ఫ్యామిలీ కంట్రోలర్ ఒక్కటే కనబడితే "కార్డు ఉంది కదా" అనుకోవద్దు. అది కేబుల్ పెట్టే పోర్టు. వైఫై కార్డు పేరులో వైర్‌లెస్ అనో, 802.11 అనో, డబ్ల్యూలాన్ అనో ఉంటుంది.

పేరు ఉండి, పక్కన కిందికి చూసే బాణం గుర్తు ఉంటే ఎవరో డిసేబుల్ చేశారు, కోడ్ 22 (పేరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే కనబడే అంకె). కుడి క్లిక్, ఎనేబుల్, అంతే. పసుపు త్రికోణం ఉండి కోడ్ 10 అంటే డ్రైవర్ కార్డుని లేపలేకపోతోంది. "అదర్ డివైసెస్" కింద నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉంటే కోడ్ 28, డ్రైవరే లేదు. పేరు ఎక్కడా లేకపోతే వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ పెట్టి చూడండి. అప్పుడు వెలిసిపోయినట్టు కనబడి కోడ్ 45 అంటే, ఒకప్పుడు ఉన్న కార్డు ఇప్పుడు అందడం లేదు. మీరు దీని గురించి ఏమీ రాయలేదు. ముసురు తర్వాత మొదలైందన్నారు కాబట్టి ముందు చూడాల్సింది ఈ కోడే.

డ్రైవర్ విషయంలో ఆ కార్డు ఎవరిదో తెలియాలి. జీ6 అని రాసి ఉన్నా ఒక్కో దానిలో ఒక్కో కంపెనీ కార్డు పెట్టారు: రాలింక్, ఏథరాస్, బ్రాడ్‌కామ్. ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ తెరిస్తే వెండర్ అంకె కనబడుతుంది. 1814 అంటే రాలింక్, 168సీ ఏథరాస్, 14ఈ4 బ్రాడ్‌కామ్, 10ఈసీ రియల్‌టెక్, 8086 ఇంటెల్. ఆ అంకెకి తగిన డ్రైవర్‌ని హెచ్‌పీ సపోర్ట్ సైట్‌లో మీ ల్యాప్‌టాప్ అడుగున ఉన్న ప్రొడక్ట్ నంబరు కొట్టి దించుకోండి. విండోస్ 10కి లేకపోతే విండోస్ 8 డ్రైవర్ చాలాసార్లు పనిచేస్తుంది. 64 బిట్ విండోస్ అయితే 64 బిట్ డ్రైవరే. ఒక్క క్లిక్కుతో డ్రైవర్లన్నీ వేస్తామనే ప్రోగ్రాములు వద్దు, వాటితో వచ్చే చెత్త వైఫై కంటే పెద్ద తలనొప్పి.

విండోస్ మార్చాక షాపుల్లో మరిచిపోయేది ఒకటుంది: బటన్ డ్రైవర్. కార్డు డ్రైవర్ వేరు, ఎఫ్12 నొక్కితే ఆ మాట విండోస్‌కి చేర్చే డ్రైవర్ వేరు. హెచ్‌పీలో దాని పేరు వైర్‌లెస్ బటన్ డ్రైవర్. ఏసర్‌లో లాంచ్ మేనేజర్, ఏసూస్‌లో ఏటీకే ప్యాకేజీ, తోషిబాలో వాల్యూ యాడెడ్ ప్యాకేజీ, డెల్‌లో క్విక్‌సెట్. ఇది లేకపోతే కీ నొక్కినా ఎవరికీ వినబడదు. కార్డు ఎనేబుల్‌లో కనబడుతూ, లైటు మాత్రం నారింజలో ఉంటే ఇది వేయడంతోనే పని అయిపోవచ్చు. డ్రైవర్ వేశాక రీస్టార్ట్ చేసి, సెట్టింగ్స్‌లో ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసి, అప్పుడు ఎఫ్12 ఒక్కసారి నొక్కండి.

విండోస్ సర్వీసెస్‌లో (వెనక నడిచే ప్రోగ్రాముల జాబితా) వైఫైని చూసుకునే డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ ఆటోమేటిక్‌లో ఉండి నడుస్తూ ఉండాలి. పాతవాటికి స్పీడ్ పెంచుతామని అనవసరమైన సర్వీసులు ఆపేసే అలవాటు కొందరికుంది, ఇది కూడా ఆ లెక్కలో పోతుంది. కార్డు ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌లో "కరెంటు ఆదాకి ఈ డివైస్‌ని ఆపవచ్చు" అన్న అర్థం వచ్చే టిక్కు తీసేయండి. స్లీప్ నుంచి లేచాక వైఫై పోయే జబ్బు చాలావరకు దానితోనే పోతుంది. ఇవన్నీ అయ్యాక కూడా తేడా లేకపోతే సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, స్టేటస్ కింద నెట్‌వర్క్ రీసెట్ ఉంది. అది పాత పాస్‌వర్డ్‌లన్నీ మరిచిపోతుంది, రాసి పెట్టుకుని నొక్కండి.

విండోస్ తప్పా, హార్డ్‌వేర్ తప్పా అని తేల్చడానికి అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష లినక్స్ పెన్‌డ్రైవ్. లినక్స్ అంటే విండోస్‌కి బదులు నడిచే ఇంకో వ్యవస్థ. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ ఎక్కించి, ఎస్కేప్, ఎఫ్9 నొక్కి దాని నుంచి బూట్ చేయండి. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, మీ విండోస్ జోలికి అది పోదు. పైకి వచ్చాక వైఫై పేర్లు కనబడితే హార్డ్‌వేర్ చెక్కుచెదరలేదు, తప్పంతా విండోస్‌లోనే. కనబడకపోతే టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ (rfkill list) అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి, ఆర్ఎఫ్‌కిల్ ఒకే మాట, లిస్ట్ ముందు ఒక ఖాళీ. రెండు వరసలు చూడాలి: సాఫ్ట్ బ్లాక్డ్, హార్డ్ బ్లాక్డ్. సాఫ్ట్ పక్కన ఎస్ (yes, అవును) అని ఉంటే ప్రోగ్రాము పట్టుకుంది. ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ (rfkill unblock all) అని కొడితే వదులుతుంది. హార్డ్ ఎస్ అంటే స్విచ్ వైపు నుంచో, ఆ కంట్రోలర్ చిప్ నుంచో "ఆఫ్" అన్న సంకేతం నిజంగానే తీగ మీద వస్తోంది. ఈ ఒక్క మాట తెలిస్తే షాపులో ఎవరూ మిమ్మల్ని తప్పుదారి పట్టించలేరు. ఒక జాగ్రత్త: బ్రాడ్‌కామ్ కార్డులకి లినక్స్‌లో డ్రైవర్ విడిగా వేయాల్సి వస్తుంది. 14ఈ4 అంకె ఉన్నవాళ్లకి పెన్‌డ్రైవ్ బూట్‌లో పేర్లు కనబడనంత మాత్రాన కార్డు పోయినట్టు కాదు.

కార్డే కనబడటం లేదనుకుందాం. అప్పుడు మూత తీయాలి. మీ సమస్య ఇక్కడే ఉండవచ్చని నా అంచనా, దానికి కారణం కొత్తపట్నం గాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో, కొత్తపట్నం కానీ అటు నెల్లూరు వైపు మైపాడు, కోట, వాకాడు కానీ, గాలిలో ఉప్పు ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ ఉప్పు పొడిగా పడి ఉంటుంది. ముసురు పట్టి గాలిలో చెమ్మ పెరిగితే అదే ఉప్పు తేమని పీల్చుకుని కాంటాక్టుల మీద పలుచని పొరలా పరుచుకుంటుంది. కార్డు అంచున బంగారు పూత ఉన్నా అది చాలా పలుచన. ఎక్కడ గీత పడితే అక్కడ లోపలి రాగికి చిలుము పడుతుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ పొడి ఇంకో తరహా; అది చిలుము తేదు కానీ సాకెట్ సందుల్లో చేరి పిన్ను తగలకుండా చేస్తుంది.

చార్జర్ పీకి, బ్యాటరీ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కాకే అడుగు మూత ముట్టుకోండి. ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేక ల్యాప్‌టాప్ ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటుంటే ఈ వరస అస్సలు తప్పొద్దు. చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్ చాలు. వైఫై కార్డు పోస్టల్ స్టాంపు అంత ఉంటుంది, ఖచ్చితంగా చెప్పాలంటే 30 మిల్లీమీటర్ల వెడల్పు, 26.8 మిల్లీమీటర్ల పొడవు. హాఫ్ మినీ కార్డు అంటారు. 2009కి ముందు మెషీన్లలో ఎక్కువగా దాదాపు 51 మిల్లీమీటర్ల పొడవున్న ఫుల్ కార్డు ఉంటుంది. దాని మీద రెండు సన్నని తీగలు గుచ్చి ఉంటాయి, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. అవి స్క్రీన్ చుట్టూ పోయే యాంటెన్నాలు. ఏది ఎక్కడుందో ఫొటో తీసుకోండి. తీగ పట్టి లాగొద్దు. గుండ్రటి తల కింద గోరు పెట్టి నిట్టనిలువుగా పైకి లేపండి. ఆ కనెక్టర్‌ని 30 సార్లు తీసి పెట్టడానికే తయారుచేస్తారు, కాబట్టి ఊరికే తీసి పెడుతూ ఉండొద్దు. యాంటెన్నా ఊడితే సిగ్నల్ పడిపోతుందే కానీ లైటు ఆఫ్ కాదు. మీ జబ్బుకి తీగలు కారణం కావు.

రెండు స్క్రూలు తీయగానే కార్డు ఒక వైపు తనంతట పైకి లేస్తుంది. ఆ వాలులోనే బయటికి లాగండి. అంచున ఉన్న పసుపు గీతలని వెలుతురులో పెట్టి చూడండి. మసకగా ఉన్నా, ఎక్కడైనా ఆకుపచ్చ చుక్క ఉన్నా జవాబు దొరికినట్టే. మెత్తని తెల్ల పెన్సిల్ రబ్బరుతో లోపలి నుంచి అంచు వైపుకి నాలుగైదు సార్లు, ఒకే దిశలో, నెమ్మదిగా రుద్దండి. అటూ ఇటూ గట్టిగా రుద్దితే బంగారు పూతే పోతుంది. తర్వాత సెల్‌ఫోన్ స్పేర్ల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ తడిపి తుడవండి. శానిటైజర్ పనికిరాదు, అందులో గ్లిసరిన్ ఉంటుంది. థిన్నర్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. సాకెట్‌లోకి దూదిపుల్ల దూర్చొద్దు, పోగులు ఇరుక్కుంటాయి. అదే ఆల్కహాల్‌లో ముంచిన కొత్త మెత్తటి బ్రష్‌తో రెండుసార్లు తుడిచి, గంటసేపు ఫ్యాను కింద ఆరబెట్టండి. కార్డుని మళ్లీ ఆ వాలులోనే పూర్తిగా లోపలికి తోసి, కిందికి నొక్కి స్క్రూలు బిగించండి. పసుపు గీతలు బయటికి సమానంగా కనబడాలి. ఒక పక్క ఎక్కువ కనబడితే వంకరగా కూర్చుంది.

లినక్స్‌లో కార్డు కనబడుతూ హార్డ్ బ్లాక్డ్ ఎస్ అనే అంటుంటే, కీ ఎన్నిసార్లు నొక్కినా వదలకపోతే, చివరి ఉపాయం 20వ పిన్ను. మినీ కార్డుకి 52 పిన్నులు. వాటిలో 20వది రేడియోని ఆపే తీగ. మెషీన్ ఆ తీగని సున్నా వోల్టులకి దించితే కార్డు నోరు మూసుకుంటుంది. ఆ తీగ తగలకపోతే కార్డు ఆన్‌లోనే ఉంటుంది. అంటే ఆ ఒక్క గీత మీద టేపు వేస్తే ఆఫ్ అన్న సంకేతం కార్డుకి చేరదు. సరి సంఖ్యల పిన్నులు కార్డు వెనక వైపు, చిప్పులూ యాంటెన్నా కనెక్టర్లూ లేని వైపు ఉంటాయి. అంచున ఒక గాడి ఉంటుంది. గాడికి చిన్న వైపు ఎనిమిది గీతలు, పెద్ద వైపు పద్దెనిమిది. గాడి పక్కనే పెద్ద వైపు మొదటి గీత 18, రెండోది 20. మొబైల్ రిపేరు వాళ్ల దగ్గర ఉండే గోధుమ రంగు కాప్టన్ టేపు బ్లేడుతో సన్నగా కోసి అంటించండి. గీతకీ గీతకీ మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లే, కాబట్టి చెయ్యి నిదానం కావాలి. కొంచెం అటూ ఇటూ అయినా 18 వైపు జరగనివ్వండి, 22 వైపు మాత్రం వద్దు. 18 గ్రౌండు, అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. 22 రీసెట్ తీగ, అది మూసుకుపోతే కార్డు అసలు కనబడదు. ఈ పని చేశాక ఎఫ్12 ఇక వైఫైని ఆపలేదు, ఎయిర్‌ప్లేన్ మోడ్ సాఫ్ట్‌వేర్ నుంచే పెట్టుకోవాలి. 2014 తర్వాత మెషీన్లలో వచ్చిన ఎం.2 కార్డుల పిన్నుల వరస వేరు, ఈ లెక్క వాటికి పనికిరాదు.

కార్డు శుభ్రం చేసినా కనబడకపోతే, అప్పుడు కార్డు పోయిందనుకోండి. అప్పటికీ మదర్‌బోర్డు అనుకోనక్కర్లేదు. కొత్త కార్డు కొనే ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఆ కాలపు హెచ్‌పీ, లెనోవో బయోస్‌లు తాము ఒప్పుకున్న కార్డుల జాబితా పెట్టుకుంటాయి. అందులో లేనిది పెడితే హెచ్‌పీ 104 నంబరు ఎర్రర్ చూపి ఆగిపోతుంది, థింక్‌ప్యాడ్ 1802 చూపుతుంది. కాబట్టి మీ పాత కార్డు మీద ఎస్‌పీఎస్ అని మొదలయ్యే హెచ్‌పీ స్పేర్ నంబరు చూసి అదే నంబరు కార్డు తెచ్చుకోండి. లెనోవో వాళ్లు ఎఫ్‌ఆర్‌యూ అనే స్పేర్ నంబరు చూడాలి. ఎం.2 కార్డుల యాంటెన్నా కనెక్టర్ ఇంకా చిన్నది, పాత తీగల తలలు దానికి కూర్చోవు.

మదర్‌బోర్డే కారణమైన సందర్భం కూడా ఉంది, దాచడం ఎందుకు. 2006, 2007 కాలపు హెచ్‌పీ డీవీ6000, డీవీ9000 వరసల్లో ఎన్విడియా చిప్ ఉన్నవాటిలో వైఫై కార్డు మాయం కావడం ఆ చిప్ దెబ్బతింటోందనడానికి ఒక లక్షణం. కంపెనీ అప్పట్లో వారంటీ పొడిగించింది కూడా. హీట్‌గన్‌తో వేడి చేస్తే కొన్నాళ్లు పనిచేసి మళ్లీ పోతుంది, ఆ రిపేరుకి డబ్బు పెట్టొద్దు. మీ జీ6 ఆ కోవలోది కాదు.

వీటన్నిటికీ తీరిక లేకపోతే యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న వైఫై డాంగుల్ కొనండి. లోపలి కార్డుకీ స్విచ్‌కీ బయోస్ జాబితాకీ దానితో సంబంధం లేదు. నారింజ లైటు అలాగే ఉన్నా అది పనిచేస్తుంది. కొనేటప్పుడు 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్నదే తీసుకోండి, డ్రైవర్‌ని ముందే ఫోన్ టెథరింగ్‌తో దించి పెట్టుకోండి. పెట్టెలో ఇచ్చే సీడీ చాలా పాతది. డాంగుల్ పెట్టాక డివైస్ మేనేజర్‌లో లోపలి కార్డుని డిసేబుల్ చేయండి, రెండూ ఒకే నెట్‌వర్క్ కోసం పోటీ పడకుండా.

ఒకవేళ లోపలి కార్డే లేచి, లైటు తెల్లబడి, పక్కింటివాళ్ల పేర్లన్నీ కనబడి మీ ఇంటి పేరు ఒక్కటే కనబడకపోతే కంగారు పడొద్దు, అది రౌటర్ సంగతి. ఆ కాలపు ఒంటి బ్యాండ్ కార్డులకి (2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే అందుకునేవి) 5 గిగాహెర్ట్జ్ కనబడదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో కూడా అమెరికా లెక్కతో వచ్చిన కార్డులకి 12, 13 చానెళ్లు కనబడవు, మన దగ్గర రౌటర్లు వాటినీ వాడతాయి. రౌటర్ పేజీలో 2.4 బ్యాండ్ ఆన్ చేసి, దానికి విడి పేరు పెట్టి, చానెల్‌ని 1, 6, 11లలో ఏదో ఒకటికి కట్టేసి, సెక్యూరిటీని డబ్ల్యూపీఏ2లో ఉంచండి. డబ్ల్యూపీఏ3 మాత్రమే పెడితే ఈ కార్డు ఎన్నిసార్లు పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి పోలేదు.